ఇత్తడికి అలుపు తీర్చిన హన్మాండ్లు

కంచరి హన్మాండ్లు భుజం పొద్దున అతనికంటే ఒక గంట ఆలస్యంగా నిద్ర లేచేది. మూడేళ్లుగా దానికి ఒకటే పని: మీట కిందికి గుంజడం, పైకి వదలడం. అబుదాబి నుంచి రువైస్ పోయే దారిలో కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు యజమానికి, సొంత పిస్తోలు షూటింగ్ మైదానం ఉండేది. ఎనభై నాలుగులో అక్కడి ఎండ ఎట్లుండేదంటే, ఒంటెలు తమ నీడను తామే మడిచి కడుపు కింద దాచుకునేవి. నమ్మనివాళ్లు పోయి చూసి రావచ్చు.

పిస్తోలు పేలాక ఇసుకలో పడే ఖాళీ ఇత్తడి గొట్టాన్ని అక్కడ ఖోకా అనేవారు. పేలిన ఖోకా కొంచెం ఉబ్బుతుంది. హన్మాండ్లు వాటిని ఏరి, కడిగి, ఒక్కొక్కటే ప్రెస్సులో పెట్టి మీట గుంజితే, ఉక్కు అచ్చు దాన్ని నొక్కి పాత కొలతకు తెచ్చేది. కొలత తప్పితే పిస్తోలులో ఇరుక్కుంటుంది. తర్వాత వాటిలో మందూ గుండూ నింపేవాడు ఖాదర్ హుస్సేన్. హైదరాబాద్ పోలీసుల ఆయుధాల కొట్టులో గడ్డం నెరిసి వచ్చిన మనిషి.

ఆ శుక్రవారం కఫీల్‌కు పిస్తోలు పోటీ. అది కాగానే అక్కడి మేనేజరు, ముదీర్, తన సొరుగు తాళం తీసి అందులో దాచిన పాస్‌పోర్టు చేతికిస్తాడు, హన్మాండ్లు ఊరికి పోతాడు. మూడేళ్లలో మొదటి ఛుట్టీ. ఆ ముచ్చట క్యాసెట్‌లో చెప్పి భార్య చంద్రవ్వకు పంపేశాడు కూడా.

సోమవారం నాడు భుజం ఇక నావల్ల కాదంది. ఇంకా నాలుగు వందల ఖోకాలు మిగిలాయి. అన్నీ నాలుగైదు సార్లు పేలి మొండికేసినవే. అప్పుడతనికి తండ్రి కొలిమి గుర్తొచ్చింది. స్టీలు గిన్నెలు వచ్చి ఆ కొలిమిని చల్లార్చేదాకా జగిత్యాల దిక్కున వాళ్లింట్లో బిందెలు కొట్టేవారు. సుత్తి దెబ్బలు తిని తిని ఇత్తడి బిరుసెక్కితే, తండ్రి దాన్ని ఎర్రగా కాల్చి మెత్తబరిచేవాడు. ‘అలుపు తీర్చుడు’ అనేవాడు.

హన్మాండ్లు వంటగది పొయ్యి మీద రేకు పెట్టి నాలుగు వందలకూ అలుపు తీర్చాడు. మీట వెన్నలో వేలు దిగినట్టు దిగింది. నల్లబడ్డ వాటిని చింతపండుతో తోమితే పెళ్లి బిందెల్లా మెరిశాయి. అన్నిటినీ తీసుకుపోయి మిగతా వాటి పెట్టెలో కలిపేశాడు.

బుధవారం మధ్యాహ్నం అన్నం దగ్గర ఈ తెలివిని ఖాదర్‌కు గొప్పగా చెప్పుకున్నాడు. ఖాదర్ చేతిలో రొట్టె కింద పెట్టాడు.

“అడుగు గూడ కాల్చినవా?”

“ఇత్తడిని సగం కాలుస్తరా చాచా?”

“బిందెల నీళ్లు పోస్తరు బేటా, దీంట్ల మందు పేలుతది. అడుగు గట్టిగుంటెనే ఆగుతది. మెత్తబడ్డది పగిలితే మంటంత పట్టుకున్నోని చేతిలకే.”

అప్పటికే ఆ పెట్టెలోంచి తీసి రెండు డబ్బాలు నింపేశానని కూడా ఖాదర్ చెప్పాడు. ముదీర్‌కు చెప్తే ఛుట్టీ ఖలాస్ అని మాత్రం అనలేదు. అది వేరే చెప్పేదేముంది. హన్మాండ్లు లోపల లెక్క వేసుకున్నాడు. నోరు మూసుకుంటే శనివారం విమానంలో ఉంటాడు. శుక్రవారం ఎవడో ఒకడి చెయ్యి ఉండకపోవచ్చు.

వంటగదిలోంచి మసాలా నూరే రాయి తెచ్చి బోర్లించాడు. పెట్టెలో ఖోకాలు ఒక్కొక్కటే దానిమీద వదిలాడు. గట్టిది ఖణేల్‌మంటుంది. కాలింది టప్‌మని ఊరుకుంటుంది. కంచరి చెవికి అంతకంటే రుజువక్కర్లేదు. పొద్దువాలే అసర్ నమాజు పిలుపు వినబడేసరికి మూడు వందల ముప్పై ఏడు మెత్తవి తేలాయి. మిగిలిన అరవై మూడూ ఖాదర్ నింపిన డబ్బాల్లో ఉన్నాయి. నింపిన తూటా ఏ రాయి మీదా నిజం పలకదు.

డబ్బాలు రెండూ చంకన పెట్టుకుని ముదీర్ గదికి పోయాడు. ఖాదర్ వెంట వచ్చి, సగం ఉర్దూ సగం అరబ్బీలో సంగతంతా అప్పజెప్పాడు. ముదీర్ అరవలేదు, మోత విని తేల్చామంటే నమ్మనూ లేదు. రెండు రకాల ఖోకాలూ తెప్పించి, హన్మాండ్లును గోడకు తిరిగి నిలబడమన్నాడు. గచ్చు మీద ఒక్కొక్కటే వదిలాడు.

“కచ్చా,” అన్నాడు హన్మాండ్లు. “పక్కా. పక్కా. కచ్చా.”

అయిదోది పడింది.

“ఇది ఖోకా కాదు సాబ్. మీ సొరుగు చావి.”

ముదీర్ మొదటిసారి నవ్వాడు. నింపిన డబ్బాలు పారేయించి, పోటీకి కొత్త తూటాలు తెప్పించాడు. తర్వాత గచ్చు మీది తాళం చావి తీసి, సొరుగు తెరవకుండానే జేబులో వేసుకున్నాడు. ఎవరెవరి దగ్గరో కొన్న పాత ఖోకాలు కొట్టులో పదకొండు పెట్టెలున్నాయి, ఎవడెట్లా కాల్చాడో తెలియదు, ఇలాంటి చెవిని ఇప్పుడే ఊరికి ఎట్లా పంపేది అన్నాడు. అన్నీ వినేసి ఆ తర్వాతే పొమ్మన్నాడు. యల్లా, ఇక కానియ్.

శుక్రవారం మైదానంలో పిస్తోళ్లు పేలుతుంటే, రేకుల షెడ్డులో హన్మాండ్లు రాయి ముందు కళ్లు మూసుకుని కూచున్నాడు. ప్రతి పేలుడుకూ చెయ్యి ఒక క్షణం ఆగేది. అవతల ఎవరి అరుపూ వినబడకపోతే మళ్లీ కదిలేది. ఖాదర్ వచ్చి అతని భుజానికి బామ్ రుద్దాడు.

“దీన్ని గూడ ఎర్రగ కాల్చమంటవా?”

“కాల్చు చాచా,” అన్నాడు హన్మాండ్లు కళ్లు తెరవకుండానే. “గని, కాల్చినంక నన్ను వేరె పెట్టెల పెట్టు.”

ఇంకో ఖోకా వదిలాడు. ఖణేల్‌మంది. అది పదకొండు పెట్టెల్లో మొదటిదాని పైవరస.