తిమ్మన్న వినని చరణం

మా పాపకు చెవులు వినపడవేమో.

ఈ మాట నా భార్యతో కూడా అనలేదు. మొదటిసారి పైకి అన్నది పంచాయితీ రేడియో చూసుకునే తిమ్మన్నతో. అప్పటికి పాపకు ఎనిమిది నెలలు. వెనక నిలబడి చప్పట్లు కొడితే ఒకసారి తిరుగుతుంది, మూడుసార్లు తిరగదు. బడిలో సైన్సు చెప్పేవాణ్ణి కదా, ఏ పూట ఎన్నిసార్లు తిరిగిందో నోటుపుస్తకంలో రాసుకునేవాణ్ణి.

మాది డోన్‌కు ఆరు మైళ్ల దూరాన ఉన్న పల్లె. కరెంటు లేదు. రేడియో బ్యాటరీ అయిపోతే బండి మీద డోన్‌కు పంపి చార్జి చేయించాలి. అందుకే తిమ్మన్న రోజూ సాయంత్రం ఒక్క గంటే రేడియో పెడతాడు. ఆ గంటా మద్రాసు నుంచి వచ్చే కచేరీలు, హరికథలు, పల్లెపాటలు.

"సిలోన్ పెట్టు తిమ్మన్నా, సినిమా పాటలొస్తాయి," అని బొజ్జన్న పోరుతుంటాడు.

"ఆడ పాటకూ పాటకూ నడుమ సబ్బులమ్ముతారు. నీ మొగానికి సబ్బు దండగ. కూచోప్పా!"

అందరూ నవ్వుతారు. తిమ్మన్న నవ్వడు. చెవిని చెక్కపెట్టెకు ఆనించి ఉంటాడు.

ఎవరి కోసమో ఊరందరికీ తెలుసు. అతని భార్య గురమ్మ విసుర్రాయి పాటలు బాగా పాడేది. మూడేళ్ల కిందట, 1954లో, రేడియోవాళ్లు ఆమెను మద్రాసుకు పిలిపించారు. మా ఊరి ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో పలకరు. విసుర్రాయి పాట ఆఖరి చరణంలో మాత్రం ఆ పేరు కట్టి పాడతారు, అదీ మొగుడు దగ్గర లేనప్పుడే. రేడియోలో అయితే ఆ చరణం వినవచ్చని తిమ్మన్న ఆశపడ్డాడు. కానీ ముందురోజు అక్క కూతురి పెండ్లిలో, కాదనలేక, రేడియోను రోజంతా మోగించాడు. మరునాడు గురమ్మ రెండు చరణాలు పాడిందో లేదో, బ్యాటరీ చచ్చిపోయింది.

ఊరికి వచ్చాక ఆమె సిగ్గుపడుతూ అడిగింది, "ఆఖరుదాకా విన్న్యావా?"

"విన్న్యా. శానా బాగుండాది," అన్నాడు. అబద్ధమాడాక మళ్లీ పాడమని ఎలా అడుగుతాడు? ఆ వానాకాలమే జ్వరంతో గురమ్మ పోయింది. ఆ పాట మళ్లీ వేస్తారని అప్పటి నుంచీ ఎదురుచూస్తున్నాడు. అది అప్పటికప్పుడు నేరుగా పాడించిన పాట, రికార్డు చేసి దాచి ఉంచరు. నాకు తెలుసు. చెప్పలేదు.

ఆ సాయంత్రం నా భయం విని తిమ్మన్న, నా భుజం మీదున్న పాప అరచేతిని రేడియో మీద పెట్టాడు. లోపల మృదంగం. పాప కళ్లు పెద్దవయ్యాయి.

"చూడు, వింటాండాది!"

"అది వినడం కాదు తిమ్మన్నా. చెక్క అదురు చేతికి తగులుతుంది, అంతే."

అతను పాప చేతిని అక్కడే ఉంచాడు. గంట కాగానే రేడియో ఆపాడు. జనం లేచిపోయారు. తిమ్మన్న మాత్రం చెవి పెట్టె మీద నుంచి తీయలేదు.

"ఆపినావు కదా, ఇంకా ఏం వింటున్నావు?"

"ఆపినాకనే ఆయమ్మ పాడతాది అయివారూ. నా పేరు కాడికి వస్తాది. ఆడికి ఆగిపోతాది."

ఆపిన రేడియో పలకదని పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి. అయినా నేనూ చెవి ఒగ్గాను. సరిగ్గా అప్పుడే నా భుజం మీది పాప తల తిప్పి, ఆ మూగపెట్టె వైపు చూసింది. నోటుపుస్తకంలో ఇది ఏ వరుసలో రాయాలో ఇప్పటికీ తెలియలేదు.

ఏడాది నిండాక తీసుకురమ్మన్నాడు కర్నూలు డాక్టరు. ఇంకా రెండు నెలలుంది. ఈలోగా చప్పట్లు మానేశాను. రోజూ పొద్దున్నే పాపను గుండెకు ఆనించుకుని, నాకు వచ్చిన ఒకే ఒక్క జోలపాట దాని పేరు కలిపి పాడుతున్నాను. ఆ సాయంత్రం మమ్మల్ని సాగనంపుతూ తిమ్మన్న చెప్పింది ఇదే:

"వెనకమాల నిలబడి పరీచ్చలు పెట్టద్దు అయివారూ. రొమ్ముకానించుకోని పాడు. కాకిగొంతైనా పర్వాల్యా. ఇనపడ్న్యా, ఇనపడకపోయినా, దాని పేరొచ్చేదాకా మాత్రం ఆపొద్దు."