అత్తమ్మ చేతిలో కరెంటు బ్రష్షు

అత్తమ్మకు పక్షవాతం వచ్చిన నాలుగో నెలలో నేను మొదటిసారి కరెంటు బ్రష్షుల ధరలు వెతికాను. అప్పటికి ఆమె గోడ పట్టుకుని నడుస్తోంది. మాట కూడా దాదాపు తిరిగి వచ్చింది. కుడి చెయ్యి మాత్రం మోచేతి దాకే ఆమె చెప్పినట్టు వినేది. అక్కణ్నుంచి కింద ఎవరిదో చెయ్యి తెచ్చి అతికించినట్టు వేలాడేది.

మేం అలియాబాద్‌లో ఉంటాం. మా ఆయన కరీంనగర్ రోడ్డు మీద గేట్లు, కిటికీలకు గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపు నడుపుతాడు. నేను శామీర్‌పేటలో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో మూడో తరగతికి చెబుతాను. అత్తమ్మ ముప్పై ఏళ్లు కూరగాయలు పండించి, గంప నెత్తిన పెట్టుకుని బస్సెక్కి అమ్ముకొచ్చిన మనిషి. పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన పదిహేనేళ్లలో ఆమె నన్ను ఒక గ్లాసు మంచినీళ్లు తెమ్మని అడిగినట్టు కూడా నాకు గుర్తు లేదు.

జబ్బు చేశాక స్నానానికి నా సాయం ఒప్పుకుంది. తల దువ్వించుకుంది. ఎడమ చేత్తో చెంచా పట్టి అన్నం తినడం నేర్చుకుంది. పళ్లు తోముకునే దగ్గర మాత్రం మొండికేసింది. ఆ ఎడమ మణికట్టు ఎప్పుడో బస్సు దిగుతూ పడి విరిగింది. కట్టు కట్టి అతికించారు గానీ, సరిగ్గా తిరగదు. చెంచా నోటిదాకా వెళ్తుంది. బ్రష్షు కూడా వెళ్తుంది, కానీ అక్కడ కదలదు. ముందు పళ్ల మీద రెండుసార్లు రాకి, నీళ్లు పుక్కిలించి వచ్చేసేది.

నెల తిరిగేసరికి చిగుళ్లు ఉబ్బాయి. నోటి నుంచి వాసన రావడం మొదలైంది. ఆ సంగతి మాకంటే ముందు ఆమెకే తెలిసింది. మాట్లాడేటప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఆదివారం చర్చిలో ఎప్పుడూ ముందు వరుసలో కూర్చునే మనిషి, చివర గుమ్మం పక్కకు జరిగింది. సంఘంలోని ఆడవాళ్లు ప్రార్థన చేయడానికి ఇంటికి వస్తే, నిద్రపోతున్నట్టు గోడవైపు తిరిగి పడుకునేది.

ఒక పొద్దున ఆమె దిండు గలీబు మీద రక్తపు మరక కనిపించింది. మా ఆయన బ్రష్షు మీద పేస్టు వేసుకుని వచ్చి మంచం ముందు కూర్చున్నాడు.

"అమ్మా, నోరు తెరువు. నేను మెల్లగ తోముత."

ఆమె పెదవులు బిగించింది. అతను మళ్లీ అడిగాడు. అప్పుడంది:

"నీకు పండ్లు తోమింది నేను. నోరు తెర్వకపోతే వీపుల రెండు జరిచి తోమిన. ఇగ నువ్వు నా నోట్ల చెయ్యి వెడ్తవా? నేను గంత పనికిరాకుండ పోయిన్నా?"

అతను లేచి, బ్రష్షు కడిగి పెట్టేసి షాపుకు వెళ్లిపోయాడు. ఆ రోజు టిఫిన్ కూడా తినలేదు.

శనివారం ఆమెను ఆటోలో మేడ్చల్‌లో పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. చిన్న వయసు డాక్టరమ్మ. గార తీసి, శుభ్రం చేసి, మందు రాసింది. "ఇదంతా నెల రోజుల్లో మళ్లీ పేరుకుంటుంది, రోజూ తోమకపోతే" అంది. నేను బ్రష్షు గొడవ చెప్పాను. ఆమె సొరుగులోంచి ఒక కరెంటు బ్రష్షు పిడి తీసి, కొత్త తల తగిలించి, అత్తమ్మ ఎడమ అరచేతిలో పెట్టి స్విచ్చు నొక్కింది. అత్తమ్మ ఉలిక్కిపడింది.

"గొర్ల బొచ్చు కత్తిరించే మిషిన్ లెక్కుంది గదనే!"

డాక్టరమ్మ నవ్వింది. నేను నవ్వలేదు. ఫోన్లో దాని ధర అప్పటికే చూసి ఉన్నాను. ఆరు వేలకు కాస్త తక్కువ. నా జీతంలో దాదాపు సగం. నేను సూటిగానే అడిగేశాను, ఇది నిజంగా పనికొస్తుందా, లేక షాపుల వాళ్ల మాయా అని.

"మీకైతే అక్కర్లేదమ్మా. మామూలు బ్రష్షుతో రెండు నిమిషాలు ఓపిగ్గా తోముకోండి, చాలు. ఈమె సంగతి వేరు. ఆమె చెయ్యి తిరగడం లేదు. తిరిగే పని ఇది చేస్తుంది. ఆమె పట్టుకుని ఒక్కో పన్ను మీద ఆనిస్తే సరిపోతుంది" అంది. ఫోనుకు కలిపేవి, రంగు లైట్లు ఉన్నవి కొనొద్దని కూడా చెప్పింది. గట్టిగా నొక్కితే హెచ్చరించేది, లావు పిడి ఉన్నది ఒకటి చాలట.

ఇంటికి రాగానే మా ఆయన, "ఆరు వేలెందుకు? పట్టు దొరుకుతలేదు, గంతే గద. నేను జేస్త" అన్నాడు. ఇనుముతో పని చేసే మనిషికి ఏదైనా చేసి చూడాలనిపిస్తుంది. సైకిల్ హ్యాండిల్‌కు వేసే రబ్బరు తొడుగు తెచ్చి, మామూలు బ్రష్షు పిడిని అందులో బిగించాడు. చూడ్డానికి పారలా ఉంది గానీ, అత్తమ్మకు నచ్చింది. కొడుకు చేసిందని నచ్చింది. పది రోజులు దాంతోనే తోముకుంది. రోజూ కొళాయి దగ్గర నిలబడి, మణికట్టు తిరగక, తలనే అటూ ఇటూ తిప్పుతూ కష్టపడేది. మెడ నొప్పి పట్టింది. వెనక పళ్ల దాకా బ్రష్షు చేరనే లేదు.

పదకొండో రోజు మా ఆయన ఆమె అవస్థ గుమ్మంలో నిలబడి చూశాడు. లోపలికి వచ్చి నాతో మెల్లగా అన్నాడు: "పట్టు దొరికింది. తిప్పుడు దొరకలే. గది నా తోటి కాదు. కొందాం తియ్యి."

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. అతను ఒప్పుకున్నాక వెనకాడింది నేను. ఆ డబ్బుకు నా దగ్గర వేరే లెక్కలున్నాయి. అదొక్కటే కాదు. ఈ బ్రష్షు ఆమె కోసం కొంటున్నానా, రోజూ ఆమె నోరు కడిగే పని ఎక్కడ నా మెడకు చుట్టుకుంటుందోనన్న భయంతో కొంటున్నానా అని నాకే అనుమానం వచ్చింది. ఆ భయం ఉందని ఒప్పుకోవడానికి సిగ్గేసింది. అందుకే వాయిదా వేస్తూ పోయాను.

స్కూల్లో మధ్యాహ్నం డబ్బాలు విప్పుకున్నప్పుడు ఈ సంగతి చెప్పాను. తోటి టీచరు ఒకామె ముద్ద కలుపుతూ, "ఆరు వేల బ్రష్షా? ఈ వయసుల ఆ పండ్లు ఇంకెన్ని రోజులుంటయ్ మేడం?" అంది. ఆమె చెడ్డ మనిషి కాదు. మామూలుగానే అంది. నేను మాత్రం డబ్బా మూత పెట్టేశాను. అత్తమ్మకు అరవై ఆరేళ్లు. ఆమె పళ్లు ఎన్నాళ్లుంటాయో నాకు తెలియదు. కానీ ఉన్నన్నాళ్లు ఆమె నలుగురిలో నోరు తెరిచి మాట్లాడాలి. ఎవరి కోసం కొంటున్నానన్న ప్రశ్నకు సమాధానం దొరకలేదు గానీ, ఆ ప్రశ్న అంత ముఖ్యం కాదనిపించింది. ఇద్దరి కోసమూ కొంటే తప్పేముంది? ఆ సాయంత్రమే మేడ్చల్ వెళ్లి కొనుక్కొచ్చాను.

తెల్లటి డబ్బా చూడగానే అత్తమ్మ అడిగింది, "నిజం జెప్పు బిడ్డా, ఎంత వెట్టినవ్?"

అబద్ధం చెప్పాలనుకున్నాను. కానీ డబ్బా మీద ధర అచ్చేసి ఉంది. అంకెలు ఆమెకు నాకంటే బాగా వచ్చు. చెప్పాను.

"నా నోట్ల ఉన్నయే పద్దెనిమిది పండ్లు. ఒక్కొక్క పన్నుకు మూడు వందల మీద పడ్డది గదనే! వాపస్ ఇచ్చి రాపో."

ఇలాంటివి వాపసు తీసుకోరన్నాను. ఆమె దాన్ని ముట్టుకోలేదు. బ్రష్షు మూడు రోజులు అలమారలో నిండా చార్జింగ్‌తో కూర్చుంది. నాలుగో రోజు నేను స్కూలుకు తయారవుతుంటే, ఆమె గోడ పట్టుకుని వచ్చి, ఎడమ చేత్తో కొంగు ముడి నా ముందుకు చాపి, విప్పమంది. అందులో ఆ నెల పింఛను నోట్లున్నాయి.

"తీస్కో."

మా ఆయన అరిచినంత పని చేశాడు. "నీ పైసలు మాకెందుకమ్మా? పరాయోళ్లమా?"

"నువ్వు ఊకో. బిడ్డా, నువ్వు తీస్కో. పైసలు తీస్కుంటెనే గది నాదైతది. ఊకెనే ఇస్తే నేను ముట్ట."

అతను నా వైపు, వద్దని చెప్పమన్నట్టు చూశాడు. నేను తీసుకున్నాను. ఆమె ముందే మడిచి నా బ్యాగులో పెట్టుకున్నాను. వద్దంటే ఆమె దాన్ని జన్మలో ముట్టదని నాకు అర్థమైంది. అతనికి అర్థం కావడానికి సాయంత్రం దాకా పట్టింది.

మర్నాడు పొద్దున కొళాయి దగ్గర ముగ్గురం నిలబడ్డాం. నేను పేస్టు వేసి ఇచ్చాను. నోట్లో పెట్టుకున్నాక స్విచ్చు నొక్కాలని చెప్పేలోపే ఆమె నొక్కేసింది. పేస్టు చినుకుల్లా ఎగిరి అద్దం మీద, నా చీర మీద, మా ఆయన ముఖం మీద పడింది. అతను కళ్లు మూసుకుని అలాగే నిలబడిపోయాడు. ముక్కు మీద తెల్లటి చుక్క. అత్తమ్మ అతన్ని చూసి పకపకా నవ్వింది. జబ్బు చేశాక ఆమె అలా నోరంతా తెరిచి నవ్వడం అదే మొదలు.

రెండో ప్రయత్నంలో నోట్లో పెట్టుకునే నొక్కింది. మొదట కళ్లు పెద్దవి చేసింది, తర్వాత నెమ్మదిగా ఒక్కో పన్ను మీదికి జరుపుకుంటూ పోయింది. చేతిని తిప్పనక్కర్లేదు, ఆనించి ఉంచితే చాలు. రెండు నిమిషాలకు అది తనంతట తానే ఆగిపోయింది. ఆమె ఉమ్మేసి, నాలుకతో వెనక పళ్లు తడుముకుంది.

"నున్నగున్నయే" అంది.

రెండు వారాలు చిగుళ్ల నుంచి కొద్దిగా రక్తం వచ్చింది. ఆపేస్తుందేమోనని భయపడ్డాను. ఆపలేదు. తర్వాత అదే తగ్గింది. డాక్టరమ్మ మళ్లీ చూసి, వాపు పోయిందని, ఊగుతున్న ఒక పన్ను మాత్రం తీసేయాల్సి వస్తుందని చెప్పింది. అన్నీ బాగుపడలేదు. కుడి చెయ్యి ఇప్పటికీ అంతే. కానీ చర్చిలో ఆమె మెల్లమెల్లగా వరుసలు మారుతూ మధ్యకు వచ్చింది. పక్కన కూర్చున్న వాళ్ల చెవిలో మళ్లీ ముచ్చట్లు చెబుతోంది. ప్రసంగం మధ్యలో కూడా.

బ్రష్షు తల మూడు నెలలకోసారి మార్చాలి. దానికీ ఖర్చుంది. మొదటి తల మార్చిన రోజు, పక్కింటి ముసలమ్మ మా అరుగు మీద కూర్చుని ఉంది. వాళ్లు మేకల వ్యాపారం చేసే ముస్లిం కుటుంబం. ఆమె, అత్తమ్మ పడుచు వయసు నుంచీ స్నేహితులు. పిడిని చేతిలోకి తీసుకుని నొక్కి చూసింది.

"అరె, మస్తు తిరుగుతాంది అక్కా! మేం గూడ ఒకటి తెచ్చుకోవాల్నా?"

అత్తమ్మ ఆమె చేతుల వైపు చూసింది. "నీ చేతులు మంచిగ నడుస్తున్నయ్ గద, నీకెందుకు? నువ్వు పండ్లు తోముకునే మిస్వాక్ పుల్లనే మంచిగుంది. పైసలు ఖరాబు."

"నాకు గాదు అక్కా. అత్వెల్లి ఊర్ల మా మరిది ఉన్నడు గద. చేతులు వణుకుతయ్. చాయ్ కప్పు గూడ పట్టరాదు. పండ్లు తోమనీక రాదని పరేషాన్ అయితున్నడు."

అత్తమ్మ పిడిని తన చేతిలోకి తీసుకుంది. తర్వాత అంది, "ముందుగాల కొనకున్రి. మేడ్చల్ డాక్టరమ్మకు చూపిచ్చున్రి. గాయనకు ఇది పడ్తదో పడదో ఆమె జెప్తది. నేను గూడ వస్త. ఎట్ల పట్టాల్నో చూపిస్త."

నేను లోపల్నుంచి వింటున్నాను. జబ్బు చేశాక ఆమె నోట "నేను వస్త" అన్న మాట అదే మొదటిసారి వినడం.

ఆ శుక్రవారం నాకు స్కూలుంది, మా ఆయనకు పని ఉంది. ఎవరం వెంట వెళ్లలేదు. మరిది అత్వెల్లి నుంచి నేరుగా మేడ్చల్ డాక్టరమ్మ దగ్గరికి వస్తాడట. ఇద్దరు ముసలమ్మలు చౌరస్తా దాకా నడిచి వెళ్లి, షేర్ ఆటో ఆపారు. నేను స్కూలు బస్సు కిటికీలోంచి చూశాను. పక్కింటామె చెయ్యి పట్టుకోబోతే వద్దని, అత్తమ్మ ఎడమ చేత్తో కమ్మీ పట్టుకుని, ఒక కాలు పైకి పెట్టి, ఊపిరి పీల్చుకుని, రెండో కాలు కూడా లోపలికి లాక్కుంది.