నోట్లో నాలుక లేని పేషెంటు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది ఎండాకాలంలో నన్ను పిల్లల వార్డు నుంచి ఎండోక్రైనాలజీ ఓపీకి హెడ్ నర్సుగా మార్చారు. గుంటూరులో ఒక పెద్దాసుపత్రి అది. ఎండోక్రైనాలజీ అంటే ఒంట్లోని గ్రంథుల వైద్యం. వచ్చేవాళ్లలో ఎక్కువమంది షుగరు వాళ్లు, మిగిలినవాళ్లలో ఎక్కువమంది థైరాయిడ్ వాళ్లు. బదిలీ కాగితం చేతికిస్తూ నర్సింగ్ సూపరింటెండెంట్ గారు, ఇది తేలికైన పోస్టింగని చెప్పారు. ఆవిడ ఏ పోస్టింగు గురించైనా అదే మాట చెప్పేవారు. రిటైర్మెంటు దగ్గరపడింది కాబట్టి నేనూ నమ్మాను.

మంగళవారం ఓపీ మాత్రం వేరు. ఆ రోజు అడ్రినల్ లోపం ఉన్న పిల్లలు, కాలేజీ ఈడు వాళ్లు వచ్చేవారు. అడ్రినల్స్ అంటే మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చుని ఉండే రెండు చిన్న గ్రంథులు. మామూలు మనిషికి జ్వరమో వాంతులో వస్తే ఇవి తమంతట తామే కార్టిజాల్ అనే హార్మోనును ఎక్కువగా తయారుచేసి మనిషిని నిలబెడతాయి. వీళ్లకు ఆ పని చేత్తో చేసుకోవాలి. రోజూ వేసుకునే హైడ్రోకార్టిజోన్ మాత్రను జ్వరం వస్తే రెట్టింపు చేయాలి. వాంతులై మాత్ర కడుపులో నిలవకపోతే అదే మందును ఇంజక్షన్‌గా తొడకు పొడుచుకుని ఆసుపత్రికి పరుగెత్తాలి. ఆలస్యమైతే బీపీ పడిపోతుంది, ప్రాణం పోతుంది. ఇందులో కష్టమైనదేమీ లేదు. మరిచిపోవడానికి మాత్రం వీల్లేదు.

సువార్త అక్కడే నాకు పరిచయమైంది. పర్చూరు దగ్గర పల్లె. తల్లి మరియమ్మ మిరపకోతలకు, పత్తి తీతలకు కూలికి వెళ్లేది. పిల్ల పదో తరగతిలో ఉండగా చిక్కిపోయి, నల్లబడి, ఊరగాయ జాడీ చుట్టూ తిరుగుతూ ఉప్పు నాకడం మొదలుపెట్టిందట. సెలవుల్లో చేలో పనిచేసింది కదా, ఎండకు నల్లబడిందని ఊళ్లో అందరూ అన్నారు. చూపించిన ఇద్దరు డాక్టర్లూ అదే అన్నారు. ఎండకు చిగుళ్లు కూడా నల్లబడతాయా అని మరియమ్మ అడిగితే వాళ్లు బలానికి టానిక్ రాసి పంపించారు. ఆమె అదే ప్రశ్న మా ఆసుపత్రి వరండాలో నిలబడి, పెద్ద డాక్టరు గారు రౌండ్స్ ఆపేదాకా అడిగింది. అలా తేలింది జబ్బు. ఎప్పుడో సోకిన టీబీ ఆ గ్రంథులను తినేసింది.

మా అసిస్టెంట్ ప్రొఫెసర్ గారు బయట రాష్ట్రంలో చదివొచ్చిన మనిషి, మంచి డాక్టరు. ఆయన ఒక నియమం పెట్టారు. పదహారు దాటిన పేషెంటు తన జబ్బు సంగతి తనే చెప్పాలి, తల్లిదండ్రులు బయట కూర్చోవాలి. అమలు చేసే బాధ్యత నాది. సువార్తను ఏ ప్రశ్న అడిగినా మరియమ్మ కిటికీలోంచి జవాబు చెప్పేది. కిటికీ మూశాను. ఆమె తలుపు దగ్గరికి మారింది. తలుపూ మూశాను. ఆ ఎండల్లో అందరం చెమటలు కక్కుకుంటూ నియమం పాటించాం.

నేర్చుకోవడంలో సువార్తను మించినవాళ్లు లేరు. సీసాలోని పొడిలో నీళ్లు కలపడం, సిరంజిలోకి తీయడం, గాలి వదలడం, అన్నీ బత్తాయి కాయ మీద నేర్పితే, మూడో కాయ అక్కరలేకుండా వచ్చేశాయి. ఏం చెప్పినా "సరే మేడం" అనేది. ఎదురు ప్రశ్న లేదు. నోట్లో నాలుక లేని పిల్ల. అలాంటి పేషెంట్లంటే నర్సులకు ప్రాణం, నాకూ అంతే.

ఇంటర్ అయ్యాక గుంటూరులో డిగ్రీ సీటొచ్చింది. బ్రాడీపేటలో హాస్టలు. పంపాలా వద్దా అన్నది మరియమ్మ బెంగ. తను కూలి మానుకుని పిల్ల వెంట ఉండలేదు. పంపకపోతే పిల్ల కూడా మిరపచేలోకే రావాలి. ఆమె నా దగ్గరికొచ్చి ఒకే మాట చెప్పింది.

"అది మాట్లాడదమ్మా."

మాట్లాడాల్సిన పనేమీ లేదని, అన్నీ నేర్చుకుందని ధైర్యం చెప్పి పంపించాను.

వానలు మొదలయ్యాక హాస్టల్లో నీళ్లు తేడా చేసి సగం మంది ఆడపిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. సువార్త మాత్ర రెట్టింపు చేసింది. వాంతైంది. మళ్లీ వేసుకుంది. అదీ వాంతైంది. ఇక ఇంజక్షన్ పొడుచుకోవాలి. ప్రైవేటు ఆసుపత్రి ఒకటి రెండు వీధుల అవతలే ఉంది, అక్కడ డాక్టరుండగా నేను పొడుచుకుంటే బాగుండదు అనుకుందట. ఇంజక్షన్ సీసా, సిరంజి సంచిలో వేసుకుని, గదిలో ఉండే స్నేహితురాలితో ఆటో ఎక్కి ఆ ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లింది.

అక్కడ డ్యూటీ డాక్టరు ఒక్కడే, కుర్రాడు. ఆ హాస్టలు నుంచి వచ్చిన ఎన్నో వాంతుల కేసో అది. సువార్త సంచి తెరిచి "సార్, ఇది" అంది. బయటి మందులు ఇక్కడ వాడం, వరుసలో కూర్చోమన్నాడు. "సరే సార్" అని వెళ్లి బల్ల మీద కూర్చుంది. ప్రాణం నిలబెట్టే మందును ఒళ్లో పెట్టుకుని, చేతులు కట్టుకుని, మర్యాదగా బీపీ పడిపోతూ కూర్చుంది. పక్కవాళ్ల మీదికి ఒరిగిపోయేసరికి స్నేహితురాలు మరియమ్మకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, ఫోన్ తీసుకెళ్లి డాక్టరు ముందు పెట్టింది.

మరియమ్మ అప్పుడు పత్తి చేలో కలుపు తీస్తోంది. ఇద్దరు ఎదురెదురు గట్ల మీద నిలబడి మాట్లాడుకునే గొంతు అది. క్యాజువాలిటీ అంతా విన్నదని తర్వాత తెలిసింది.

"బాబూ, మా పిల్లకి అడ్రినల్ జబ్బు. దాని సంచిలో హైడ్రోకార్టిజోన్ వంద ఉంది. ముందు అది పొడువు, తర్వాత సెలైన్ పెట్టు, ఆ తర్వాత నన్నెన్ని తిట్టుకుంటావో తిట్టుకో. నువ్వు పొడిచిందాకా నేను ఫోన్ పెట్టను."

పెట్టలేదు కూడా. కుర్రాడు ఇంజక్షన్ చేశాడు, సెలైన్ ఎక్కించాడు, ఆనక మా ఆసుపత్రికి పంపించాడు. రెండు రోజుల్లో పిల్ల లేచి కూర్చుంది. జరిగిందంతా స్నేహితురాలు చెప్పగా విని సువార్తను గట్టిగా కోప్పడ్డాను. "సరే మేడం" అంది.

ఆ మాటతో నాకు విషయం అర్థమైంది. మందు సంగతి తల్లికెంత తెలుసో పిల్లకీ అంతే తెలుసు. తల్లి ఇన్నాళ్లూ ఇస్తున్నది గొంతు. దాన్ని మేము తలుపవతల కూర్చోబెట్టాం. దాని బదులు పిల్లకు ఏమీ ఇవ్వలేదు.

డాక్టరు గారితో మాట్లాడి మంగళవారం ఓపీలో ఇంకో పాఠం చేర్చాను. నేను డ్యూటీ డాక్టరులా నటిస్తూ బల్ల వెనక ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాను. పేషెంటు వచ్చి నాచేత ఇంజక్షన్ ముందు చేయించుకోవాలి. నేను కూర్చోమంటాను, గ్యాస్ అంటాను, ఆధార్ కార్డు అడుగుతాను. మిగతా పిల్లలు ఆటలాగా నేర్చుకున్నారు. మగపిల్లలైతే నన్ను కాస్త ఎక్కువే కసిరారు. సువార్త మాత్రం కూర్చోమంటే కూర్చునేది. వారాలు గడిచాయి. నేను విసిగిపోయి ఒక మంగళవారం నిజంగానే ఫోన్‌లో పడిపోయాను. అప్పుడు బల్ల మీద చెయ్యి దబ్బున పడింది.

"మేడం, ఆ ఫోన్ పక్కన పెట్టండి. నాకు అడ్రినల్ జబ్బు. ముందు ఇంజక్షన్ చెయ్యండి. పేరూ ఊరూ తర్వాత రాసుకుందురుగాని."

అచ్చంగా తల్లి గొంతు. ఆ రోజు కూతురితో వచ్చి బయట కూర్చున్న ఆ తల్లే తలుపు తోసుకుని లోపలికొచ్చింది. సిస్టరమ్మతో అట్టానా మాట్లాడేదని కూతురి వీపు మీద ఒకటి వేసింది. మరియమ్మను మళ్లీ బయట కూర్చోమన్నాను.

మరుసటి వానాకాలం, నేను రిటైరయ్యే ముందు, మా క్యాజువాలిటీ డ్యూటీ డాక్టరు ఓపీకి వచ్చి ఒక డిగ్రీ అమ్మాయి మీద ఫిర్యాదు చేశాడు. జ్వరంతో, వాంతులతో ఒక్కతే వచ్చిందట. వరుస దాటి ముందుకొచ్చి బల్ల మీద కొట్టిందట. అడిగితే మీ ఓపీ పేరు చెప్పిందండీ, ఇదేనా మీరు నేర్పేది అన్నాడు. ముందేం ఇచ్చారని అడిగాను.

"ఇంజక్షనేనండి. అది చేసిందాకా పేరు కూడా చెప్పలేదు."

పద్ధతి ప్రకారం విచారం వెలిబుచ్చాను. ఆయన వెళ్లాక టీ తెప్పించుకుని ఓపీలో అందరికీ ఇప్పించాను.

ఈ జబ్బున్న పిల్లలు పెద్దవాళ్లవుతుంటే వాళ్ల జబ్బును వాళ్ల చేతికి అప్పగించాలి, అందులో సందేహం లేదు. కాని తల్లిని బయట కూర్చోమనే ముందు, ఇన్నాళ్లూ ఆవిడ ఏ పని చేస్తూ వచ్చిందో చూసి, ఆ పని పిల్లకు నేర్పాలి. నా తర్వాత వచ్చిన హెడ్ నర్సుకు చార్జి అప్పగిస్తూ నేను చెప్పింది ఇదొక్కటే. మిగతావన్నీ పుస్తకాల్లో ఉన్నాయి.