బీడీలా, బిస్కెట్లా?

బాపు నాలుక మీద పుండుతో పోయాడు. జనగామ నుంచి లింగాల ఘనపూర్ వెళ్లే దారిలో మాకో చిన్న దుకాణం ఉంది. బతికినన్నాళ్లూ అందులోని బీడీలే తాగాడు. మూడో రోజు పిట్టకు పెట్టినప్పుడు ఆయనకు ఇష్టమైనవన్నీ విస్తరిలో వడ్డించినా కాకి రాలేదు. గంటసేపు ఎండలో నిలబడ్డాం. చివరికి చిట్యాల నుంచి వచ్చిన మేనత్త అంది:

"బీడీ పెట్టనిది మా అన్న ఎట్లొస్తడు వదినా?"

అవ్వ, అదే మా అమ్మ, దుకాణంలోంచి కట్ట తెచ్చి, ఒక బీడీ వెలిగించి విస్తరి అంచున పెట్టింది. కాకి వాలింది. చుట్టాలందరూ హమ్మయ్య అనుకున్నారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. మనిషిని తిన్నది చాలక, పోయాక కూడా దానితోనే పిలవాలా?

అప్పటి నుంచి అవ్వతో ఒకటే గొడవ. దుకాణం నడుపుకో, బీడీలు మానెయ్ అని నేను. నేను మహబూబాబాద్‌లో బడి పంతులమ్మను. పొగాకు ముట్టొద్దని పిల్లలకు గొంతు చించుకుని చెప్పి సెలవులకు ఇంటికొస్తే, మా అవ్వే బీడీ కట్టలు పేర్చుకుని కూర్చుని ఉండేది.

కిందటేడు సర్కారు ఆఫీసువాళ్లు దుకాణానికి వచ్చారు. పొగాకు అమ్మాలంటే ఇక లైసెన్స్ ఉండాలట. లైసెన్స్ తీసుకున్న దుకాణంలో బిస్కెట్లు, చాక్లెట్లు ఉండకూడదట. వాటికోసం వచ్చిన పిల్లలు వీటికి అలవాటు పడతారట. రెండింట్లో ఏదో ఒకటి తేల్చుకోమన్నారు. అవ్వ ఫోన్‌లో ఈ సంగతి చెబితే ఎగిరి గంతేశాను. నావల్ల కాని పని సర్కారే చేసిపెడుతోంది అనుకున్నాను. ఆదివారం పొద్దున్నే మొదటి బస్సెక్కాను.

వెళ్లేసరికి చాక్లెట్ సీసాలన్నీ కడిగి గోడవారన బోర్లించి ఉన్నాయి.

"ఏందవ్వా గిది?"

"బిస్కెట్లు నా తాన ఎవలు కొంటరు బిడ్డా? రోడ్డవతల గంత పెద్ద దుకాణం వడ్డది. నా తానికి కూలికి పోయేటోళ్లే వస్తరు. ఆళ్లకు బీడీలే గావాలె."

"బాపును తిన్నయి గవే గదనే!"

"నిన్ను సదివించినయి గూడ గవే" అంది నా మొహం చూడకుండా. "ఫారం తెచ్చిన. రాయి."

నాకు ఎవరి మీద కోపమో చెప్పమంటే, అందరి మీదా. విషమని తెలిసినవాళ్లు అమ్మొద్దనరు, కాగితం చేతిలో ఉంటే అమ్ముకోమంటారు. పిల్లల్ని కాపాడటానికి బిస్కెట్లు ఎత్తేయిస్తారు! కానీ అవ్వకు రాయడం రాదు. ఫారం నేనే నింపాను, బడిలో హాజరు వేసే పెన్నుతోనే. అది గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

లైసెన్స్ వచ్చాక హెచ్చరిక బోర్డు కూడా పెట్టాలన్నారు. దాని మీద నోరంతా పుళ్లు పడ్డ ఒక మనిషి ఫొటో. అవ్వ దాన్ని సరిగ్గా తను కూర్చునే చోటికి ఎదురుగా కట్టించుకుంది.

దసరాకు వెళ్లాను. కాంటాకు, తూకపురాళ్లకు బొట్లు పెట్టి ఉన్నాయి. బోర్డు మీద మనిషి నుదుట కూడా పసుపూ కుంకుమ, మెడ చుట్టూ బంతిపూల దండ. నా నెత్తి పగిలినంత పనైంది.

"గిదేమన్న దేవుని పటమనుకున్నవా? గది చూసి జనం భయపడాలె, మొక్కుడు కాదు!"

"దేవుడని ఎవలన్నరు?" అంది అవ్వ, ఇంకో దండ గుచ్చుతూనే. "సచ్చినోడు గద. సచ్చినోని ఫొటోకు దండెయ్యమా? మీ బాపు నోరు గూడ ఆఖర్ల గిట్లనే ఉండె. ఒక్క ఫొటో దిగుతనంటే, గీ మొహంతోని వద్దు బాపూ అని నువ్వే అంటివి. మనింట్ల ఆయన ఫొటో ఏది మరి?"

నిజమే, ఆ మాట నేనే అన్నాను. ఆ మొహాన్ని దాచుకోవాలనుకున్నాను. ఇన్నాళ్లూ అవ్వ మీద అరిచిన ఏ అరుపూ నాకు గుర్తు రాలేదు, ఆ ఒక్క మాట తప్ప.

అప్పుడే పార భుజాన వేసుకుని ఒకాయన వచ్చాడు. బోర్డు వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"అవ్వా, ఒక కట్ట ఇయ్యి."

అవ్వ రెండు చేతులకూ దారం చుట్టుకుని ఉంది. "జర అందియ్యి బిడ్డా" అంది.

కట్ట నాకే దగ్గరగా ఉంది. అందించాను.