నేనుండగా అమ్ముడుపోని ఇల్లు

జర్మనీలో కైసర్స్‌లౌటర్న్ పక్క ఊళ్ళో నేను అద్దెకున్న ఇంటిని, కింది వాటాలో ఉండే ఓనరు ముసలావిడ కరోనా మొదటి ఏడాది అమ్మకానికి పెట్టింది. ఆమె భర్తను కూతురు ఎక్కడో దూరాన పాడర్‌బోర్న్‌లో వృద్ధాశ్రమంలో చేర్పించింది. ఇల్లు అమ్ముడుపోతే ఆ ఆశ్రమం పక్కనే చిన్న ఫ్లాట్ తీసుకోవాలని ఆవిడ ఆశ. లోపలికి రానివ్వకపోయినా కిటికీ బయట నిలబడి చెయ్యి ఊపవచ్చు కదా అనేది.

ఇల్లు అమ్ముడైతే నేను ఖాళీ చెయ్యాలి. కొత్త ఇల్లు వెతుక్కోవడం కన్నా కోతలు కొయ్యడం నాకు తేలిక.

ఊళ్ళో ఏజెంటు నెలకోసారి తన ఆఫీసు అద్దంలో ఇళ్ళ ఫొటోలు మార్చేవాడు. అమ్ముడైన వాటి మీద ఎర్ర చీటీ. వేసవిలో రెండు మూడు చీటీలు కనిపించేవి, ఆకులు రాలేసరికి ఒకటీ అరా. నవంబర్‌లో అన్నీ పాత ఫొటోలే. ఎండకు వెలిసి ఫొటోలో మా ఇంటి గోడలు నీలంగా మారాయి.

చూడ్డానికి వచ్చిన ఒకరిద్దరికీ మెట్ల మీద నేను ఎదురయ్యేదాన్ని. మంచు కరిగితే సెల్లార్‌లోకి వాగు వస్తుందని, పోయినేడు అందులో చేప కూడా పట్టానని ఒక జంటకు చెప్పాను. వాళ్ళు మళ్ళీ రాలేదు.

డిసెంబర్‌లో వరంగల్ దంపతులు వచ్చారు. ఇల్లు నచ్చి, నోటరీ దగ్గర టెర్మిన్, అంటే సంతకాలకు తేదీ, కూడా తీసుకున్నారు. ఆ అబ్బాయిని గేటు దగ్గర ఆపాను.

"తమ్ముడూ, వీధిపోటు చూస్కున్నవా?"

"ఏడుందక్కా? రోడ్డు పక్కకెల్లి పోతుంది గద."

"ఇప్పుడట్ల పోతుంది. పాత రోడ్డు సీదా ఈ గడప మీదికే ఉండె. మున్సిపాలిటీ కాగితాలల్ల నేనే జూసిన. ఇంతకుముందు కొన్నాయన మూడు నెలలు గూడ ఉండలే."

ఆ కాగితాలూ లేవు, ఆ కొన్నాయనా లేడు. అతని భార్య మాస్కు సర్దుకుంది. "నడువుండ్రి. మా అత్తమ్మకు తెలిస్తే గృహప్రవేశానికి గూడ రాదు."

టెర్మిన్ రద్దయింది. జనవరిలో అద్దంలో ఒక్క ఎర్ర చీటీ లేదు.

"ఆ మీ దేశంవాళ్ళు మళ్ళీ ఏమైనా రాశారా?" అని ముసలావిడ మెట్ల కింద నుంచి అడిగేది. ఆలోచించుకుంటున్నారని చెప్పేదాన్ని. కింద కూతురి నుంచి ఫోన్లు ఎక్కువయ్యాయి.

ఫిబ్రవరిలో ఒక పొద్దున ఆవిడ నా తలుపు తట్టింది. చేతిలో స్క్రూడ్రైవర్.

"ఆయన నిన్న పోయారు. ఇక ఇల్లు అమ్మే పని లేదు. మీరు ఎన్నాళ్ళైనా ఉండండి. ఆ గేటు మీది అమ్మకం బోర్డు నాకు అందడం లేదు, కాస్త విప్పి పెడతారా?"

స్క్రూలు తుప్పు పట్టాయి. విప్పుతున్నంతసేపూ, నేను జారిపడకుండా ఆవిడ కింద నిచ్చెన పట్టుకుంది.