బీడీల అరుగు మీద పారాయణం

నా గొంతు ఎవరో వింటున్నారన్న కబురు నాకు మొదట తెచ్చింది గాజులు అమ్మే పెద్దమ్మ. మా నస్పూర్ క్వార్టర్లకు నెలకోసారి వస్తుంది. ఆ రోజు గంప దించి, మంచినీళ్లు తాగి, నా చెయ్యి పట్టుకుని గాజు ఎక్కిస్తూ ఉన్నట్టుండి ఆగిపోయింది.

"మల్లొక్కసారి మాట్లాడు బిడ్డా."

"ఏం మాట్లాడాలె పెద్దమ్మా?"

"గిదే గొంతు. సుల్తానాబాద్ అవుతల ఊర్లె బీడీలు చేసేటోళ్ల అరుగు మీద ఇన్న. ఫోన్ల ఎవ్వరో దేవుని కథ చదువుతరు. 'అత్తా, ఇంటున్నవా' అని మొదలువెడుతది. నువ్వేనా?"

నేనే. కానీ నేను చదువుతున్నది బీడీల అరుగు కోసం కాదు, ఖానాపూర్‌లో మా తమ్ముడి దగ్గరుంటున్న మా మేనత్త కోసం. ఫోన్‌లో నేను పెట్టే లైవ్‌లో, ఎంతమంది చూస్తున్నారో చెప్పే కన్ను బొమ్మ పక్కన రోజూ ఒకటి అనే అంకె కనిపించేది. ఆ ఒకటి మా అత్తేనని నేను అనుకున్నాను.

మా అత్త నాకు చదువు చెప్పిన మనిషి. చిన్నప్పుడు నా కాలు బాగుండేది కాదు, బడి వాగు అవతల ఉండేది. పడుచు వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చిన అత్త, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, చాటలో బియ్యం పరచి అక్షరాలు దిద్దించింది. పరీక్షలు లేవు, గంట లేదు. అన్నం ఉడికే లోపు ఒక గుణింతం వచ్చేది. నేను కూడబలుక్కుని చదివిన మొదటి పుస్తకం ఆమె దగ్గరున్న భక్తుల కథల పుస్తకం. దాని అట్ట, ముందు పేజీలు ఎప్పుడో పోయాయి. పేరేమిటో ఎవరికీ తెలియదు. మా ఇంట్లో దాన్ని అత్త పుస్తకం అనే అనేవాళ్లం.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె రోజుకు కొన్ని పేజీలు పైకి చదివేది. చివరి కథ అయిపోయిన మర్నాడు మళ్లీ మొదటి కథ. దాన్ని ఆమె వరుస అనేది. ఒంట్లో బాగాలేకపోతే ఇంకొకరు చదవాలి, ఆమె వినాలి. చదివినా, విన్నా ఒకటే. తెగకూడదు, అంతే. ఆ వరుస నడిచినన్నాళ్లు దేవుడి చూపు మన మీద ఉంటుందని ఆమె నమ్మకం. ఆమె దేవుణ్ని వేరే ఏమీ అడగగా నేను వినలేదు.

నా పెళ్లయి నస్పూర్ వచ్చిన చాలా ఏళ్లకు ఆమె చూపు పోయింది. కంట్లో నరం ఎండిపోయిందని, ఆపరేషన్‌తో రాదని డాక్టరు చెప్పాడు. చూడటానికి వెళితే పుస్తకం ఒళ్లో పెట్టుకుని పేజీల అంచులు తడుముతూ కూర్చుంది.

"వరుస తెగేటట్టుంది బిడ్డా," అంది. కన్ను గురించి ఒక్క మాట అనలేదు.

పుస్తకం నాతో తెచ్చుకున్నాను. రోజూ నేను చదువుతాను, నువ్వు విను అని మాటిచ్చాను. తమ్ముడూ మరదలూ బజారులో బట్టలు కుట్టే దుకాణం నడుపుతారు. మరదలు మధ్యాహ్నం ఇంటికొచ్చి అత్తకు అన్నం పెట్టి తిరిగి వెళ్లిపోతుంది. అత్తకు ఫోన్ ఎత్తడం, పెట్టడం చేతకాదు. అప్పుడు మా ఆడబిడ్డ ఉపాయం చెప్పింది. ఆమె పక్క క్వార్టర్‌లోనే ఉంటుంది, చీరల వీడియోలు పెడుతుంది.

"లైవ్ వెట్టు వదినా. మీ మరదలు దుకాణం పొయ్యేటప్పుడు ఇంట్ల ఉన్న పాత ఫోన్ల నీ లైవ్ తీసిపెట్టి పోతది. ఇగ అత్త ముట్టుకునే పనే లేదు."

అట్లా మొదలైంది. రెండు గంటలకు, కిటికీ పక్కన చాప మీద, ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి కూర్చునేదాన్ని. బొగ్గు గనిలో నైట్ షిఫ్టు చేసి వచ్చిన మా ఆయన ఆ వేళ గోడ వైపు తిరిగి నిద్రపోతుంటాడు. అందుకే మెల్లగా చదివేదాన్ని. దూరాన బొగ్గు మోసే బెల్టు చప్పుడు ఆగకుండా వినిపించేది. నల్లటి దుమ్ము కిటికీ ఊచల మీద పడి, ఎండ తగిలినప్పుడు మెరిసేది. చదువుతూ చదువుతూ ఉంటే ఆ గది కొంచెం నేలను విడిచినట్టు ఉండేది. నేను నస్పూర్‌లో ఉన్నానో, అత్త ఒడి పక్కన ఉన్నానో తెలిసేది కాదు.

ఆడబిడ్డ ఒకటి రెండు రోజులు వచ్చి చూసింది.

"గింత మెల్లగ చదివితే ఎవరు ఇంటరు వదినా? జర ఉషారుగ మాట్లాడు. లైకు కొట్టుండ్రి అను. గిప్పుడు సూడు, ఒక్కరే ఉన్నరు."

"ఆ ఒక్కరు చాలు," అన్నాను.

"సరే. నువ్వు, నీ అత్త, నడుమ ఒక టవరు," అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

అంకె ఒకటి దగ్గరే ఉండేది. దానికి నేను రోజూ దండం పెట్టుకునేదాన్ని. వారానికోసారి సాయంత్రం తమ్ముడు ఇంటికి వచ్చాక ఫోన్ చేసి, ఎక్కడిదాకా వచ్చింది కథ అని అత్తను అడిగితే సరిగ్గా చెప్పేది. "ఇంటున్న బిడ్డా, మంచిగ చదువుతున్నవ్" అనేది.

గాజుల పెద్దమ్మ వెళ్లిపోయాక చాలాసేపు గాజులు చూసుకుంటూ కూర్చున్నాను. అరుగు మీద విన్నది నిజమైతే, అంకె రెండు చూపించాలి కదా.

మర్నాడే, కథ చదవడం అవగానే ఖానాపూర్ బస్సెక్కాను. లక్షెట్టిపేట దాటి జన్నారం అడవిలోకి వెళ్లేసరికి వాన మొదలైంది. టేకు చెట్లు పూత మీద ఉన్నాయి. ఆకుల మీద తేలుతున్నట్టు తెల్లటి పూత, దాని కింద పచ్చటి చీకటి. బస్సు ఆ చీకటిలోంచి వెళుతుంటే నా ఒక్క అంకె ఎవరిదై ఉంటుందా అని ఆలోచించాను. ఎవరో తెలియని మనిషికి నేను ఇన్నాళ్లు అత్తా అని పిలిచి కథ చెప్పానా?

అత్త నా అడుగు చప్పుడుకే గుర్తుపట్టింది. సంగతి అడిగాను.

"రెండు దినాలు ఇన్న బిడ్డా. తర్వాత గా ఫోను బ్యాటరీ ఉబ్బి బంద్ అయింది. బాగు చేపిస్త అత్తా, జర ఆగు అన్నడు నీ తమ్ముడు. ఆనికి పెండ్లిల్ల సీజను, కుట్టుడుకే పొద్దు చాలుత లేదు."

"మరి నేనడిగినయన్ని ఎట్ల చెప్పినవ్?"

"పడుసుదనం సంది చదువుతున్న బుక్కు. ఏ దినం ఏడికొస్తదో నాకెరుక లేదా?" చిన్నగా నవ్వింది. "నువ్వు గంత సంబురంగ అడుగుతుంటే, ఇనలేదని ఎట్ల చెప్పాలె."

నాకు ఏడుపొచ్చింది. చెయ్యి చాపి నా తల తడుముకుని అడిగింది. "మరి ఇన్నదెవ్వరే?"

బీడీల అరుగు సంగతి చెప్పాను. ఆమె ముఖం కిటికీ వైపు తిరిగింది. వరుస తెగిందంటుందేమోనని నేను భయపడ్డాను.

"నన్ను పిలిచి చదివినవ్. ఆళ్లు ఇన్నరు. నా బదులు ఆళ్లు ఇన్నట్టే గద," అంది నెమ్మదిగా. మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు, "ఒక్క దినమన్న తప్పిందా?" అని అడిగింది.

తప్పింది. నాకు జ్వరం వచ్చి లేవలేకపోయిన రోజు ఒకటుంది. ఆ రోజు లైవ్ పెట్టలేదు. ఆ మాట చెప్పగానే నా తల మీద చెయ్యి ఆగిపోయింది.

"గా దినం ఏమైందో అడుగు బిడ్డా. పొయ్యి అడుగు."

ఆ ఒక్క రోజు కోసం, ఇంటికి తిరిగొచ్చి, మధ్యాహ్నం కథ చదివాక సుల్తానాబాద్ వెళ్లాను. గోదావరి నిండుగా ఉంది, బ్రిడ్జి మీద అందరూ రూపాయి బిళ్లలు వేస్తుంటే నేనూ ఒకటి వేశాను. గాజుల పెద్దమ్మ చెప్పిన గుర్తులు పట్టుకుని ఆ ఊళ్లో దిగేసరికి ఎండ వాలుతోంది. పొడుగాటి అరుగు, దాని మీద వరుసగా ఆడవాళ్లు. ఒళ్లో చాటలు, చాటల్లో కత్తిరించిన తునికాకు, తంబాకు. గోడ గూట్లో ఒక ఫోను. అక్కడికి వెళ్లి, "నేను నస్పూర్ నుంచి వచ్చిన" అన్నానో లేదో, అరుగంతా తలలెత్తింది.

"కథలక్క," అంది ఒకామె, చెయ్యి ఆపకుండానే.

ఒకటి అంటే ఒక మనిషి అని నేను అనుకున్నాను. ఆ ఒకటి వెనుక ఇంత పెద్ద అరుగు ఉంది. వాళ్లందరికీ కలిపి ఫోను ఒక్కటే.

"ఎన్నడన్న ఒక లైకు కొడితే తెలుస్తుండె గద," అన్నాను.

"చేతులు సూడక్కా," అని ఒక పిల్లకోడలు రెండు చేతులూ చూపించింది. వేళ్ల నిండా తంబాకు పొడి. "గీ చేతులతోని లైకు కొడితే ఫోను దగ్గుతది."

"నువ్వు జర అంకెలు తక్వ చదువు బిడ్డా," అంది ఒక ముసలామె. "ఇరవై అయిదు బీడీలకు ఒక కట్ట కట్టాలె మేము. నువ్వు పద్నాలుగు లోకాలు అంటవ్, నా చేతుల ఉన్న పద్దెనిమిది పద్నాలుగైతయి."

ఆ ఫోను ఎవరిదని అడిగితే చివర కూర్చున్న సన్నటి మనిషిని చూపించారు. నాకంటే కొంచెం పెద్దదై ఉంటుంది. తల వంచుకునే నవ్వింది.

"పాటలు ఇంటుంటిమి. ఎట్లనో మీ కథ వచ్చింది. చేతులకు తంబాకు, మార్చరాలే. ఉండనీ అన్న. తెల్లారి చేతులు కడుక్కొనొచ్చి, నేనే ఎతికి పెట్టిన. ఎవ్వరో పండుకున్న మనిషి పక్కకు కూసోని చదివినట్టుంటది మీ గొంతు."

ఆ జ్వరం రోజు సంగతి అడిగాను. ఆమెకు గుర్తుంది.

"రెండు దాటింది, మీరు రాలే. పాతది పెట్టు అన్నరు గీళ్లు. కథ దినాం ముందటికి పోతుంటే ఎన్కకు ఎట్ల పోతం? అందుకే నేనే చెప్పిన."

"తర్వాతి కథ నీకు తెలుసా అక్కా?"

"తెల్వది. అంతకు ముందు దినం గా ముసలి భక్తుడు వాగు ఒడ్డుకు కూసున్నడు గద. వాగు పారుతుంది, పడవ లేదు. రాత్రంత నాకు ఆయన ఫికరే. అందుకే దేవున్ని తీస్కచ్చిన. తునికాకు తెంపేటోని లెక్క వచ్చిండు. నెత్తి మీది మోపు దించి వాగుల ఏసిండు. ఎక్కు తాతా, నేను నూకుత అన్నడు."

అరుగు మీద చేతులన్నీ ఒక్క క్షణం నెమ్మదించాయి. వాళ్లకు ఆ కథ ఇంకా కళ్ల ముందు ఉన్నట్టుంది.

"తెల్లారి మీరు చదివితే పడవ వచ్చింది," అంది పిల్లకోడలు. "మా తాత రెండుసార్లు దాటిండక్కా."

అందరూ నవ్వారు. ఆమె మాత్రం సిగ్గుపడి, "తప్పు చేసిన్నా?" అని నన్నే అడిగింది. ఆ అరుగు అంచుకు చెయ్యి ఆనించి దండం పెట్టాను.

రాత్రి ఇల్లు చేరగానే ఖానాపూర్‌కు ఫోన్ చేశాను. తునికాకు మోపు సంగతంతా చెప్పాను.

"బుక్కుల లేదు బిడ్డా గది," అంది అత్త.

"లేదత్తా."

"అయినా తప్పలే. వరుస తప్పలే." గొంతులో నవ్వు, తడి రెండూ వినిపించాయి. "గిన్నేండ్లు చదివిన, గా వాగు కాడ నాకు ఎన్నడు ఫికర్ కాలే. ఆమెకు అయింది. ఇగనుంచి గా కాడికి వచ్చినప్పుడు మోపు గూడ చదువు."

అప్పటినుంచి అట్లాగే చదువుతున్నాను. మొదట పడవ, తర్వాత మోపు. మరదలు ఇప్పుడు అత్తను అన్నం తినగానే దుకాణానికి తీసుకెళుతుంది. కుట్టు మిషన్ల మధ్య కుర్చీలో కూర్చుని ఆమె వింటుంది. బీడీలు చేసేవాళ్లు పుట్టిళ్లకు వెళ్లినప్పుడు అక్కడి అరుగుల మీద చెప్పారట. అంకె మెల్లగా పెరిగింది. ఎంతయిందో ఆడబిడ్డ చెబుతుంది, నేను చూడటం మానేశాను. చూసినా అర్థం కాదు. ఏ అంకె వెనుక ఎంత అరుగు ఉందో ఆ పైవాడికే తెలుసు. నేను చేసేదల్లా ఆ వేళకు కూర్చోవడం, అంకెలొచ్చిన చోట గొంతు తగ్గించడం, పేజీ తిప్పేటప్పుడు వాళ్లు కట్టకు దారం చుట్టేంత సేపు ఆగడం. లైవ్ ఎట్లా పెంచుకున్నావని ఎవరైనా అడిగితే నాకు చెప్పడానికి ఇంతే ఉంది. మిగిలింది నాకు దొరికిన దయ.

ఈ మధ్య అరుగు మీద ఫోను పెట్టే ఆమెకు ఊపిరి సరిగ్గా ఆడటం లేదు. తంబాకు దుమ్ముకు దూరంగా ఉండాలని కరీంనగర్‌లో డాక్టరు చెప్పాడట. బీడీలు మానేసింది. అరుగు మీదికి రావడానికి లేదు కాబట్టి ఎదురింటి గడపలో కూర్చుంటుంది. అయినా రెండు గంటలకు వచ్చి ఫోను గూట్లో పెట్టి, కథ తీసిపెట్టి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక్కి వెళుతుంది. అంత దూరానికి సరిగ్గా వినిపించదని అరుగు మీదివాళ్లు ఫోనుకు గిన్నె అడ్డం పెట్టి చప్పుడు అటువైపు పోయేట్టు చేశారు. మధ్యలో ఆస్పత్రికి వెళ్లాల్సిన రోజుల్లో ఫోను వాళ్లకు ఇచ్చి మరీ వెళ్లింది.

ఆమె పేరు లైవ్‌లో చదువుతానంటే వద్దంది. ఇక్కడా రాయను. మీరు ఏ దేవుడి ముందు దీపం పెట్టుకున్నా, ఏ వైపు తిరిగి చేతులెత్తినా, ఆమె ఊపిరి కోసం ఒక్క మాట అనండి. మా అత్త వరుస నిలిపిన మనిషి అని తలుచుకోండి, చాలు.