డప్పు వెంట ఖురియాత్‌కి

ఒమాన్‌లోని సీబ్‌లో మా చెల్లి పద్మ ఇంటికి వెళ్లిన వారంలోనే నాకు నాలుగు షాపింగ్ మాల్స్ చూపించింది. అయిదోదానికి నేను మొండికేశాను. వాళ్లింట్లో టైల్స్ వేస్తున్న జగిత్యాల రాజేశం, శుక్రవారం ఖురియాత్ వెళ్తున్నానని అప్పుడే చెప్పాడు. అక్కడ సముద్రం ఒడ్డున ఒక పాత వీధి తుఫానుకి మునిగి, జనం కొత్త ఇళ్లకి తరలిపోయాక పాడుపడిందట. ఊళ్లో కొందరు పూనుకుని ఇళ్లకి సున్నాలు వేయించి, గదుల్లో బొమ్మలు పెట్టారు. ఇకనుంచి ప్రతి శుక్రవారం అక్కడ ఆటా పాటా ఉంటాయట. వీధిలో రాళ్లు పరిచింది రాజేశం కంపెనీయే. పని మధ్యలో అతను సిమెంటు తట్ట మీద దరువేస్తుంటే విని, మొదటి రోజు నువ్వూ వాయించాలని పిలిచారు. నేనూ వస్తానన్నాను. పద్మ నెత్తి కొట్టుకుని తనూ బయల్దేరింది.

భోజనాలు కాగానే చిన్న బస్సులో రూవీ చేరాం, మనిషికి మూడొందల బైసాలు. అక్కణ్నుంచి షేర్ టాక్సీ. ముందు సీట్లో రాజేశం దుప్పట్లో చుట్టిన డప్పుని చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకున్నాడు. దాని కథేమిటని అడిగాను.

"రెండేండ్ల కింద ఇంటికాడికెల్లి తెచ్చుకున్ననమ్మా. ఒక్కనాడు గూడ కొట్టలే. రూమ్‌ల కొడితె పక్కోళ్లు లొల్లి వెడ్తరు. ఇయ్యాల మోగకుంటె ఇగ ఇంటికి పంపుడే."

నాలుగున్నరకి దిగాం. వీధి తెల్లగా మెరుస్తోంది. ఒక ఇంట్లో చేపల బొమ్మలు, పక్కింట్లో పడవల ఫోటోలు. నేను మురిసిపోతూ తిరుగుతుంటే రాజేశం డప్పు విప్పి కొట్టి చూశాడు. అట్టపెట్టె మీద కొట్టినట్టుంది. సముద్రపు గాలికి తోలు మెత్తబడిపోయింది. డప్పుని మంటకి కాస్తే తప్ప మోగదు. కాపలాదారేమో నిప్పు పెట్టడానికి వీల్లేదన్నాడు. ఖర్జూరపు మట్టలతో కొత్తగా వేసిన పైకప్పులు మరి. పద్మ హిందీలో బతిమాలింది, ఇంగ్లీషులో దబాయించింది. అతను ససేమిరా అన్నాడు. రాజేశం డప్పుని మళ్లీ దుప్పట్లో చుడుతుంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అంతలో గోడ వెనక నుంచి పొగ వాసన వచ్చింది. వెళ్లి చూస్తే బీచి ఇసుకలో ఎండు మట్టల మంట, చుట్టూ నలుగురు ఒమానీలు. వాళ్లూ తమ డోళ్లు కాచుకుంటున్నారు. తెల్లగడ్డం పెద్దాయన డప్పుని చూడగానే పక్కకి జరిగి, "ఆవో సదీఖ్, ఇధర్ బైఠో" అన్నాడు, నేస్తమా ఇలా కూర్చో అని. రాజేశం డప్పుని సెగకి తిప్పుతూ వేళ్లతో కొడుతూ పోయాడు. కాసేపటికి ఖంగుమంది. పెద్దాయన నవ్వి, తన డోలు మీద అదే దరువు తిరిగి వేశాడు.

పొద్దుగుంకాక చేసే మగ్రిబ్ నమాజు అయ్యాక ఇద్దరూ కలిసే వాయించారు. ఆ మోతకి కొత్త ఇళ్ల నుంచి జనం పిల్లల్ని భుజాలకెత్తుకుని వచ్చారు. టీ కొట్లో పాలు అయిపోయాయి. పద్మ చప్పట్లు కొట్టీ కొట్టీ అరచేతులు ఎర్రగా చేసుకుంది, మాల్ ఊసెత్తితే ఒట్టు. ముందు వారమే వచ్చుంటే నేను తెల్లటి గోడలు చూసి బాగుందనుకుని వెళ్లిపోయేదాన్ని. మీరెవరైనా వెళ్తే శుక్రవారమే వెళ్లండి, చీకటిపడేదాకా ఉండండి.

బయల్దేరేముందు పెద్దాయన, ప్రతి శుక్రవారం రమ్మని, డప్పుని ఆ వీధిలో తాము డోళ్లు దాచుకునే ఇంట్లోనే ఉంచుకోమని రాజేశానికి చెప్పాడు. రాజేశం కాసేపు తటపటాయించి, ఆ ఇంటి గోడకి తనే తగిలించాడు.

తిరుగు టాక్సీలో అతని ఒళ్లో మడతపెట్టిన దుప్పటి మాత్రమే ఉంది. వెలితిగా ఉందా అని అడిగాను.

"రెండు సలికాలాలు దీన్ని డప్పుకే కప్పినమ్మా," అన్నాడు నవ్వుతూ. "ఇయ్యాల్టి సంది నేను కప్పుకుంట."